ఎగురకమున్ను మండించుట: సరకు రాకెట్ల జ్వలన పరీక్షపై సమీక్ష

భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునకు ఆహారమును, నీటిని, యంత్రభాగములను, ప్రయోగసామగ్రిని చేరవేయవలసిన రాకెట్టును, ప్రయాణమునకు కొన్నిదినములు ముందుగా వేదికపై నిలిపి, ఉక్కు బిగింపులతో నేలకు కట్టి, ఇంధనము నింపి, కౌంట్‌డౌన్ అంతయు అసలు దినమున వలెనే నడిపి, ఇంజన్లను కొన్ని క్షణములు మండించి, కదలనీయకయే ఆర్పివేయుట ఒక ఆచారము. స్టాటిక్ ఫైర్ అని వాడుకలోనున్న ఈ పరీక్షను కొందరు అనివార్యమందురు. కొందరు కొత్త రాకెట్టునకు ఒక్కసారి చేసిన చాలునందురు. మరికొందరు అసలే అక్కరలేదందురు. 2016 సెప్టెంబరులో ఇట్టి పరీక్షకు సిద్ధపరచుచుండగా జరిగిన ప్రమాదము తరువాత, అది ఆపదను కొనితెచ్చుకొనుటయే యనువారును బయలుదేరిరి. ఎగిరివచ్చిన రాకెట్టునే మరల వాడుకొను పద్ధతి వచ్చినపిమ్మట వాదము మరింత చిక్కుపడినది. ఈ చిక్కునకు మూలమేమనగా, వాదించువారందరును పరీక్ష యను ఒక్కమాటతో వేరువేరు ప్రశ్నలను ఉద్దేశించుచుండుటయే. ఆ ప్రశ్నలను విడదీసి చూచుట ఈ వ్యాసమున ఉద్దేశము.

పరీక్షా స్వరూపము

స్పేస్‌ఎక్స్ సంస్థవారి ఫాల్కన్ 9 ను ఉదాహరణముగా గైకొందము. దాని మొదటి దశలో తొమ్మిది మెర్లిన్ ఇంజన్లు గలవు. శుద్ధిచేసిన కిరోసిన్ అందులకు ఇంధనము, దానిని మండించునది ద్రవ ఆక్సిజన్. ఇంజన్లను ఒక్కొక్కటిగాను, పిదప దశనంతటిని ఒక్కటిగాను టెక్సస్ రాష్ట్రమందలి మెక్‌గ్రెగర్ ప్రాంగణమున మండించి చూచినపిమ్మటనే ఫ్లోరిడా తీరమునకు పంపుదురు. అచ్చట కొట్టమునందు రాకెట్టును పడుకోబెట్టి దశలను కూర్చి, వాహనముమీద వేదికకు తరలించి, నిలువున లేపి, ఇంధనపు గొట్టములను, విద్యుత్తు తీగలను తగిలింతురు. ఇంధనము నింపుట మొదలైనది మొదలు కంప్యూటరు వేలకొలది కొలతలను చూచుకొనుచుండును. సున్నకు సుమారు మూడు సెకన్ల ముందు ఇంజన్లు రగులుకొనును. కొన్ని క్షణములకు ఆరిపోవును. పిమ్మట ఇంధనమును వెనుకకు తోడి, కొలతలను పరిశీలించి, రాకెట్టును మరల పడుకోబెట్టి కొట్టమునకు కొనిపోయి, సరకునౌకను దాని కొనకు అమర్తురు.

కనుక ఇది ఇంజన్ల పరీక్ష మాత్రమేయని తలచుట పొరపాటు. మెక్‌గ్రెగర్‌లో ఇంజన్ల యోగ్యత తేలియేయున్నది. వేదికపై తేలవలసినది రాకెట్టునకును నేలకును గల పొత్తు: గొట్టములు కారుచున్నవా, కవాటములు వేళకు తెరచుకొనుచున్నవా, మీదుమిక్కిలి శీతలీకరించిన ఆక్సిజన్ అనుకొన్న వేడిమి వద్దనే ట్యాంకును చేరుచున్నదా, సిబ్బందికి పని అలవడినదా యను విషయములు. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను సామెతలో ఇల్లనగా ఇచ్చట కర్మాగారము కాదు, వేదికయే.

పూర్వచరిత్ర

ఈ ఆచారము సరకునౌకలకంటె పాతది. 1949లో తొలిసారి ఎగిరిన అమెరికా నావికాదళపు వైకింగ్ రాకెట్లను, ఎగురవేయుటకు ముందు వైట్ శాండ్స్ వేదికపై కట్టివేసి మండించి చూచుచుండిరి. 1952 జూన్ 6న కొత్త నమూనాలో మొదటిదియైన ఎనిమిదవ వైకింగ్, ఆ పరీక్షలోనే కట్లు తెంచుకొని ఎవరును పొమ్మనకయే ఆకాశమున కెగసిపోయెను. పరీక్ష తానే ప్రమాదము కాగలదని లోకమునకు తెలిపిన తొలి పాఠములలో ఇది యొకటి.

చంద్రయాత్రల పోటీలో రెండు సంప్రదాయములు ఎదురెదురుగా నిలిచినవి. అమెరికావారు శాటర్న్ 5 రాకెట్టు మొదటి దశలను, అయిదేసి ఎఫ్-1 ఇంజన్లతో, ప్రతిదానిని నేలపై మండించి చూచినపిమ్మటనే పంపిరి. సోవియట్ వారి ఎన్-1 మొదటి దశలో ముప్పది ఇంజన్లుండెను. వానినన్నిటిని ఒక్కుమ్మడిగా మండించి చూచుటకు వారు వేదిక నిర్మింపలేదు. అంతేకాక ఆ ఇంజన్లలోని కొన్ని కవాటములు ఒక్కసారికే పనికివచ్చునవి గనుక, మండించి చూచిన ఇంజన్‌ను మరల ఎగిరించుటకు వీలుండెడిది కాదు. అందుచేత ప్రతి ఆరింటిలో రెంటిని పరీక్షించి, తక్కిన నాల్గింటిని నమ్మవలసివచ్చెను. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచిన చాలునందురు; కాని కుండలోని మెతుకులన్నియు ఒక్క సెగకే ఉడికినవి, ఇంజన్లట్లు ఉడుకవు. 1969 మొదలు 1972 వరకు జరిగిన నాలుగు ప్రయోగములును విఫలములయ్యెను.

ఆ వైఫల్యముల నుండి పుట్టినదే ఎన్‌కే-33 అను ఇంజన్: మండించి, ఆర్పి, మరల మండించుటకు వీలగునట్లు మలచబడినది. అది ఎగురకయే సోవియట్ చంద్రయత్నము ముగిసెను. ఇంజన్లు గిడ్డంగుల పాలయ్యెను. దశాబ్దముల తరువాత అవియే సముద్రములు దాటి సరకునౌకల కథలోనికి ప్రవేశించుట ముందు చూడగలము.

స్పేస్ షటిల్ కాలమున మధ్యేమార్గ మొకటి నెలకొనెను. ప్రతి కొత్త షటిల్‌ను తొలిప్రయాణమునకు ముందు వేదికపై సుమారు ఇరువది సెకన్లు మండించెడివారు. 1982 డిసెంబరు 18న చాలెంజర్‌ను ఇట్లు పరీక్షించినపుడు హైడ్రోజన్ వాయువు పొడసూపెను; 1983 జనవరి 25న మరల మండించి చూడగా లోపమున్నదని రూఢియయ్యెను; జనవరిలో జరుగవలసిన ప్రయాణము ఏప్రిల్ 4కు జరిగెను. పరీక్షను సమర్థించువారికి ఇంతకంటె బలమైన నిదర్శనము అరుదు.

నాలుగు సంప్రదాయములు

మొదటిది ప్రతిసారి మండించు సంప్రదాయము. ఫాల్కన్ 9 తన తొలి దశాబ్దమున దీనినే అనుసరించెను. అంతరిక్ష కేంద్రమును అందుకొనవలసిన నౌకకు దినమునకు ఒక్క క్షణమే ముహూర్తము. ఆ క్షణము తప్పినచో మరునాడో, మరికొన్ని దినములకో గాని వేరొకటి దొరకదు. కావున దోషము బయటపడవలసియున్నచో ముహూర్తము లేని దినముననే బయటపడుట మేలని వీరి వాదము.

రెండవది కొత్త నమూనాకు ఒక్కసారి మండించు సంప్రదాయము. షటిల్ వలెనే, జపాన్ వారి హెచ్-2బీ రాకెట్టును సరకునౌకతో తొలిసారి పంపుటకు ముందు 2009లో తనెగషిమాలో నేలపై మండించి చూచిరి. ఆంటారెస్ రాకెట్టును ఆర్బిటల్ సైన్సెస్ వారు 2013 ఫిబ్రవరి 22న వర్జీనియాలోని వాలప్స్ వేదికపై 29 సెకన్లు మండించిరి. వల్కన్ రాకెట్టును 2023 జూన్ 7న కేప్ కెనావరల్ వద్ద పరీక్షించిరి. నమూనా సరియైనదని తేలినపిమ్మట ప్రతి రాకెట్టును మండించుట ఇంజన్ల ఆయుస్సును వృథాచేయుటయని వీరి అభిప్రాయము.

మూడవది భాగములను విడివిడిగా పరీక్షించి, కూర్పును సరిచూచుకొని, నేరుగా పంపు సంప్రదాయము. 1978 జనవరి 20న తొలి ప్రోగ్రెస్ సరకునౌకను పంపిన సోయజ్ వంశపు రాకెట్లు ఈ దారివే. ఐరోపా సరకునౌకలను మోసిన ఏరియాన్ 5 నందు ప్రధాన ఇంజన్ ముందుగా రగులుకొని, సుమారు ఏడు సెకన్లపాటు పరిశీలింపబడి, అంతయు సవ్యమైనచో మాత్రమే ఘన ఇంధన మోటార్లు అంటుకొనెడివి. ఇచ్చట పరీక్ష లేదనుట సరికాదు; అది ప్రయాణపు తొలి క్షణములలోనికి జరిగినదనుట సరి.

నాల్గవది ఎగిరివచ్చుటయే పరీక్షయను సంప్రదాయము. 2017 డిసెంబరు 15న స్పేస్‌ఎక్స్ వారు సీఆర్‌ఎస్-13 సరకుయాత్రకు, అదే సంవత్సరము సీఆర్‌ఎస్-11ను మోసి తిరిగివచ్చిన మొదటి దశనే వాడిరి. అటుపిమ్మట ఎగిరివచ్చిన దశలకు వేదికపై జ్వలన పరీక్షను మానివేయుట, ముఖ్యముగా సంస్థ తన స్వంత ఉపగ్రహములను పంపుకొను ప్రయోగములలో, క్రమముగా అలవాటయ్యెను. నిమిషములకొలది మండి క్షేమముగా దిగివచ్చిన ఇంజన్లను మూడు సెకన్లు మండించి కొత్తగా తెలిసికొనున దేమని వీరి ప్రశ్న.

పరీక్ష చెప్పునది, చెప్పజాలనిది

ఈ సంప్రదాయముల బలాబలములను ఊహతో గాక, సరకుయాత్రల చరిత్రతో తూచుట న్యాయము.

ఒక ప్రైవేటు సంస్థ నౌక అంతరిక్ష కేంద్రమును చేరిన తొలియాత్రకై 2012 ఏప్రిల్ 30న ఫాల్కన్ 9ను వేదికపై రెండు సెకన్లు మండించిరి, పరీక్ష సఫలమయ్యెను. మే 19న అసలు ప్రయోగమున ఇంజన్లు రగులుకొనినవి. కాని అయిదవ ఇంజన్‌లో పీడనము హద్దుమీరుచున్నదని గ్రహించి, ఇక అర సెకను ఉన్నదనగా కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసెను. ఒక కవాటము చెడినదని తెలిసి, దానిని మార్చి, మే 22న రాకెట్టును పంపగా, నౌక మే 25న కేంద్రమును చేరెను. అనగా పందొమ్మిది దినముల ముందు గెలిచిన పరీక్ష ఆనాటి ఆరోగ్యమునకు హామీ కాలేదు. బిగింపు విడువకముందు జరిగిన తుది పరిశీలనమే రాకెట్టును కాపాడెను.

అదే ఏడాది అక్టోబరులో సీఆర్‌ఎస్-1 యాత్రయందు ఎగిరిన 79 సెకన్లకు ఒక ఇంజన్ విఫలమయ్యెను. తక్కిన ఎనిమిది ఇంజన్లు మరికొంతసేపు మండి సరకునౌకను గమ్యమునకు చేర్చినవి. వెంట కొనిపోయిన చిన్న ఉపగ్రహ మొకటి మాత్రము తన కక్ష్యను అందుకొనలేక నష్టమయ్యెను. వేదికపై కొన్ని సెకన్లు మండినంత మాత్రమున 79వ సెకను సంగతి తెలియదు. ఇచ్చట రక్షించినది పరీక్షయు కాదు, తుది పరిశీలనమును కాదు. ఒకటి పోయినను సాగగల నిర్మాణము.

2015 జూన్ 28న సీఆర్‌ఎస్-7 ఎగిరిన 139 సెకన్లకు భగ్నమయ్యెను. రెండవ దశ ఆక్సిజన్ ట్యాంకులో హీలియం సీసాను పట్టియుంచు లోహపు ఊత, తాను మోయవలసిన బరువులో అయిదవ వంతుకే విరిగినదని సంస్థ నిర్ణయించెను. 2011 ఆగస్టు 24న ప్రోగ్రెస్ ఎం-12ఎం మూడవ దశ దోషముచేత కూలిపోయెను. వేదికపై మండునది మొదటి దశ మాత్రమే. పై దశలు అచ్చట మండవు. 2017 ఫిబ్రవరిలో సీఆర్‌ఎస్-10 రాకెట్టు పన్నెండవ తేదీన పరీక్షను గెలిచియు, పద్దెనిమిదవ తేదీన రెండవ దశపై కలిగిన సందేహముచేత పదమూడు సెకన్ల ముందు ఆగి, మరునాడు బయలుదేరుటయు ఈ పరిమితికే తార్కాణము.

ఇక ఆంటారెస్ కథ. దాని ఏజే-26 ఇంజన్లు పూర్వము చెప్పిన ఎన్‌కే-33లే, అమెరికాలో సవరింపబడినవి. ఇంజన్లను ఒక్కొక్కటిగా మిసిసిపీలోని స్టెన్నిస్ కేంద్రమున మండించి చూచుచుండిరి. 2011లో నొకటి, 2014 మేలో నొకటి ఆ పరీక్షలలోనే చెడినవి. వేదికా పరీక్షయు ముగిసి, నాలుగు ప్రయాణములును సఫలమైన తరువాత, 2014 అక్టోబరు 28న అయిదవ ఆంటారెస్ లేచిన సుమారు పదునైదు సెకన్లకు టర్బోపంపు పేలి, వేదిక చెంతనే కుప్పకూలెను. రెండు టన్నులకు మించిన సరకు దగ్ధమయ్యెను. 29 సెకన్ల పరీక్ష నమూనాను గూర్చి పలికిన సాక్ష్యము నిజమే. కాని ఆ సాక్ష్యము అయిదవ రాకెట్టులోని పంపును గూర్చినది కాదు.

పరీక్షయే ప్రమాదమైనపుడు

2016 సెప్టెంబరు 1న కేప్ కెనావరల్‌లోని 40వ వేదికపై ఫాల్కన్ 9ను జ్వలన పరీక్షకు సిద్ధపరచుచుండగా, ఇంజన్లు ఇంకను రగులుకొనకమునుపే, ఇంధనము నింపుతరి రెండవ దశ పేలిపోయెను. కాలము కలిసివచ్చునని కొననే అమర్చియుంచిన ఆమోస్-6 ఉపగ్రహము దానితోపాటు నశించెను. హీలియం సీసాల లోపలి లోహపుపొర ఉబ్బి ఏర్పడిన సందులలో ఆక్సిజన్ చిక్కుకొని మండుటయే కారణమని విచారణలో తేలెను. సంవత్సరమునకు పైగా మూతపడిన ఆ వేదిక సీఆర్‌ఎస్-13తోనే మరల తెరువబడెను.

ఈ దుర్ఘటనను పరీక్షకు ప్రతికూలముగా చెప్పుట సులువు. తరచి చూచినచో అంత సులువు కాదు. పేలినది మండించుటచేత కాదు, నింపుటచేత. ఆ నింపుట ప్రయోగదినమునను తప్పదు. ఉపగ్రహము కొనపై లేనిచో, దోషము నేలపైననే పట్టుబడినదని దానినొక విజయముగా చెప్పుకొనుటకును వీలుండెడిది. అందుచేత ఆ తరువాత వెంటనే పరీక్షను మానలేదు. నౌకను అమర్చకయే చేయసాగిరి. కాని ఈ పరిష్కారము వేరొక సమస్యను కనినది. పరీక్షానంతరము రాకెట్టును దింపి, నౌకను కూర్చి, మరల లేపి, గొట్టములను తీగలను తిరిగి తగిలింపవలెను. పరీక్షకు నిలిచిన కూర్పు వేరు, ఎగురు కూర్పు వేరు.

పరీక్ష కట్టు తప్పుట నేటికిని చరిత్రగా ముగియలేదు. 2024 జూన్ 30న చైనాలోని హెనాన్ రాష్ట్రమున టియాన్‌లాంగ్-3 మొదటి దశ, వేదికకు బంధించిన భాగము విరిగి, వైకింగ్ వలెనే ఎగిరిపోయి సమీపమందలి కొండలలో కూలెను. డెబ్బది రెండేండ్ల అంతరమున ఒకే తీరు ప్రమాదము రెండుమారులు జరిగినదన్నమాట.

శ్రీహరికోట సాక్ష్యము

మన తీరమునుండి సరకునౌక యేదియు ఇంతవరకు బయలుదేరలేదు. ఐనను 2035 నాటికి స్వంత అంతరిక్ష కేంద్రమును నెలకొల్పవలెనని భారతదేశము సంకల్పించినది గనుక, ఈ ప్రశ్న రేపు శ్రీహరికోటకును వచ్చును. అచ్చటి రాకెట్లలో ఘన ఇంధన మోటార్లు ప్రధానములు. ఘన మోటారు ఒకసారి అంటుకొనినచో ఆరదు. మండించి చూచినదానిని ఎగిరించుట అసంభవము. కావున నమూనాకు నేలపై పరీక్ష (2010 జనవరి 24న ఎస్-200 మోటారునకు జరిగినట్లు), ద్రవ ఇంజన్లకు తమిళనాడులోని మహేంద్రగిరిలో పరీక్ష, వేదికపై కౌంట్‌డౌన్: ఇదియే ఇస్రో క్రమము.

2001 మార్చి 28న తొలి జీఎస్‌ఎల్‌వీ ప్రయోగమున ఈ క్రమము తన విలువను చూపెను. నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్ మోటార్లు ముందుగా రగులుకొని, సుమారు అయిదు సెకన్ల తరువాత నడిమి ఘన మోటారు అంటుకొనవలెను. స్ట్రాపాన్లలో ఒకటి చాలినంత బలమునీయకపోవుటను కంప్యూటరు గ్రహించి, ఘన మోటారు అంటుకొనకమునుపే ప్రయోగమును నిలిపెను. రాకెట్టు దక్కెను, మూడువారములకు, ఏప్రిల్ 18న, ఎగిరెను. 2013 ఆగస్టు 19న జీఎస్‌ఎల్‌వీ-డీ5 రెండవ దశలో ఇంధనము కారుట కౌంట్‌డౌన్‌లోనే బయటపడి, ప్రయోగము 2014 జనవరి 5కు జరిగెను. ముందుగా మండించి చూడకున్నను, నింపుటయు నిలుపుటయు తెలిసిన వ్యవస్థ తన్ను తాను కాచుకొనగలదని ఈ రెండు ఘట్టములును తెలుపుచున్నవి.

తులనాత్మక సంగ్రహము

1. కర్మాగార జ్వలనము: ఈ ఇంజన్ మంచిదా యని యడుగును. వేదికతో పొత్తును గూర్చి మౌనము వహించును.

2. ఇంధనము నింపి మండింపక ఆపు తాలీము: గొట్టములు, ట్యాంకులు, సిబ్బంది సిద్ధమా యని యడుగును. ఆమోస్-6 వంటి దోషము దీనికే చిక్కును. రగులుకొను క్షణమును గూర్చి ఏమియు చెప్పదు.

3. వేదికపై జ్వలనము: మొదటి దశ, వేదిక కలిసి రగులుకొన గలవా యని యడుగును. పై దశలకును, ఎగిరినపిమ్మటి ఒత్తిళ్లకును దీని చూపు ఆనదు.

4. బిగింపు విడువకముందు తుది పరిశీలనము: ఈ క్షణమున అంతయు సవ్యమా యని యడుగును. 2001లో శ్రీహరికోటయందును, 2012లో కేప్ కెనావరల్‌నందును కాపాడినది ఇదియే. ఐతే ముహూర్తమును పోగొట్టును.

5. గతప్రయాణము: ఈ దశ ఒకసారి ఓర్చినదా యని యడుగును. ఇంకెన్నిసార్లు ఓర్చునో చెప్పదు.

తేలని అంశములు

మొదటిది వ్యవధి. రెండు సెకన్లలో రగులుకొనుట తెలియును. ముప్పది సెకన్లలో వేడిమి, కంపనము స్థిరపడుట తెలియును. అధికకాలము మండించినకొలది జ్ఞానమును, అరుగుదలయు కూడ పెరుగును. ఎచ్చట ఆగవలెనో అందరొప్పిన కొలత లేదు.

రెండవది కారణనిర్ణయము. ఏజే-26 పంపు పేలుటకు రూపకల్పనలోని బలహీనత, లోన చేరిన మలినము, తయారీలోపము అను మూడు కారణములను నాసా విచారణవర్గము చూపెనే గాని వానిలో ఒక్కదానిని ఏకైక మూలముగా తేల్పలేకపోయెను. ఇంజన్‌ను సమకూర్చినవారును రాకెట్టును నిర్మించినవారును వేరువేరు కారణములవైపు మొగ్గిరి. దోషమేదో తేలనపుడు, ఏ పరీక్ష దానిని పట్టియుండెడిదో తేలదు. ఆంటారెస్ ఇంజన్లనే మార్చి, 2016 మే 31న మరల వేదికపై మండించి చూచిన తరువాత అక్టోబరులో ఎగురుట ఈ సందిగ్ధమునకు ఆచరణలో దొరికిన సమాధానము.

మూడవది కొత్త ఎడములు. జపాన్ హెచ్-3 రాకెట్టు 2022 నవంబరులో వేదికపై 25 సెకన్లు చక్కగా మండెను. 2023 ఫిబ్రవరి 17న నేలతోడి విద్యుత్తు సంబంధము తెగు క్షణమున పుట్టిన అలజడిచే ప్రయోగము ఆగెను. మార్చి 7న రెండవ దశ రగులుకొనక రాకెట్టు నశించెను. నేలతో కలిసియుండుటను పరీక్షింపవచ్చును, నేలనుండి విడిపోవుటను ఎట్లు పరీక్షించుట? 2025 అక్టోబరులో జపాన్ సరకునౌకను మోసి ఆ నమూనా రాకెట్టే కృతార్థమైనను, ప్రశ్న అట్లేయున్నది.

నాల్గవది నిర్ణేత యెవరనునది. 2008లో నాసా కుదుర్చుకొన్న ఒప్పందములతో సరకు చేరవేత కొనుగోలుచేయు సేవగా మారెను. రాకెట్టు సంస్థది, సరకు ప్రభుత్వముది. తన ఉపగ్రహములకు పరీక్షను మానుకొను సంస్థ, పరుల సరకునకు మానవచ్చునా? మనుష్యులు లేని ప్రయాణము గనుక కొంత తెగింపు చెల్లుననువారును, పైనున్న మనుష్యులు ఆ సరకుపై ఆధారపడియున్నారు గనుక చెల్లదనువారును కలరు.

ఉపసంహారము

ఈ చరిత్రయంతటిని ఒక్కచో నిలిపి చూచినచో, పరీక్షించినవారందరు గెలువలేదు, పరీక్షింపనివారందరు ఓడలేదు. గెలిచినవారు తమ పరీక్ష ఏ ప్రశ్నకు మాత్రమే ఉత్తరమో ఎరిగి, మిగిలిన ప్రశ్నలకు వేరొక కాపు నిలిపినవారు. వైఫల్యములలో పెక్కు, సీఆర్‌ఎస్-7 మొదలు ఆంటారెస్ వరకు, చేసిన పరీక్ష అడుగని ప్రశ్నయొద్దనే పుట్టినవి. కావున ఒక కొత్త వాహకనౌకకు క్రమము నేర్పరచువారు వేదికపై మండింపవలెనా వద్దా యని మొదట యోచించుటకంటె, ఆ మంట ఆరినపిమ్మట ఇంకను అడుగక మిగిలిన ప్రశ్నలెవ్వియో వ్రాసికొని, వానిలో ఒక్కొక్కదానికి ఎదుట, దానిని అడుగవలసిన తావును, వేళను గుర్తించుకొనుట మంచిది. ఆ పట్టికలో ఖాళీగా మిగిలిన గడియే, పరీక్ష గెలిచిన రాకెట్టునందును, ప్రమాదమునకు తెరచియుంచిన ద్వారము.